ఓటి మద్దెల

జూన్ 3

ఒసేయ్ గిలకా,

ఉత్తరం చూసి ఎవరికో ఏదో అయిందని కంగారు పడకు. అయింది నా గొంతుకే. ఇరవై ఏళ్ళకు పైగా రేవులో మైకు పట్టుకుని "లాంచీ బయల్దేరుతోంది, పిల్లల చేతులు పట్టుకోండి" అని అరిచినందుకు గొంతులో కాయలు కాశాయట. చేతులకు కాస్తాయని తెలుసు గానీ గొంతుకు కూడా కాస్తాయని డాక్టరు చెప్పేదాకా తెలియదు. నాలుగు నెలలు నోరు విప్పకూడదన్నాడు. గుసగుస కూడా వద్దట, అది అరుపుకన్నా చెడ్డదట. ఆ మాట విన్నప్పుడు మీ మామయ్య మొహం చూడాల్సింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయనకు ఇంట్లో ఉపన్యాసమిచ్చే అవకాశం దొరికింది.

అందుకని ఫోన్ కుదరదు. ఇంట్లోనూ ఆఫీసులోనూ పలక మీద రాసి చూపిస్తున్నాను. మెసేజీలు పెట్టొచ్చు కదా అంటావు. బొటనవేలితో నాకు కబుర్లు రావే. కబుర్లకు చెయ్యి మొత్తం కావాలి.

అసలు సంగతి విను. మైకు దగ్గర్నుంచి తీసి నన్ను కంప్యూటరు గదిలో కూర్చోబెట్టారు. మా రేవుల సంస్థకు కొత్త వెబ్‌సైట్ వచ్చింది. లాంచీ ఆలస్యమైనా, రద్దయినా అందులో ప్రకటన పెడితే జనం ఫోన్లలో చూసుకుంటారట. ప్రకటనలు నాకు అచ్చొచ్చిన పని అన్నాడు మా సూపరింటెండెంటు. ఆయన్ని మేం గొడుగు సారు అంటాం. ఎండకూ వానకూ సరే, గదిలో కూర్చున్నా గొడుగు చంకలోనే ఉంటుంది.

తెర అడుగున చిన్న అక్షరాల్లో మీ కంపెనీ పేరు కనిపించింది. "మా మేనకోడలు పనిచేసేది ఇక్కడే" అని పలక మీద రాసి గదిలో అందరికీ చూపించాను. ఆ తర్వాత లాగిన్ అయ్యాను. ఉప్పొంగిన ఛాతీ మళ్ళీ దిగింది.

నేను చెప్పాల్సింది "మధ్యాహ్నం లాంచీ అరగంట ఆలస్యం" అని. అంతే. దానికది శీర్షిక అడిగింది, ఉపశీర్షిక అడిగింది, సారాంశం, కేటగిరీ, ట్యాగులు, రచయిత పరిచయం, ముఖచిత్రం అడిగింది. పెళ్ళిచూపుల్లో కూడా నన్నిన్ని అడగలేదు. చివరికి "స్లగ్ తప్పనిసరి" అని ఎర్రటి అక్షరాలు. స్లగ్ ఏమిటో తెలియక నిఘంటువు తీస్తే చిప్ప లేని నత్త అని ఉంది. లాంచీ ఆలస్యమని చెప్పడానికి నత్త ఎందుకే?

జవాబు రాయి.

నోరు మూసుకున్న
మీ అత్త


జూన్ 12

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసుకు వచ్చింది. రిసెప్షన్ అమ్మాయి కవరు అటూ ఇటూ తిప్పి, "ఇది నిజం ఉత్తరమేనా?" అంది. నత్త దగ్గరికి వచ్చేసరికి తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. మా టీమంతటికీ చదివి వినిపించాను. తెగ నవ్వారు.

స్లగ్ అంటే ఆ పేజీ చిరునామాకు తోక లాంటిది. "లాంచీ1" అని ఏదో ఒకటి కొట్టు, ఊరుకుంటుంది. మిగతా గడులు వదిలెయ్. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. "సేవ్" అంటే రాసింది నీ దగ్గర దాచుకోవడం. "పబ్లిష్" అంటే జనానికి చెప్పడం. పబ్లిష్ ఎక్కడుందంటావా? కుడివైపు పైన మూడు చుక్కలుంటాయి. వాటిని నొక్కు. జాబితా తెరుచుకుంటుంది. అందులో "స్థితి" అని ఉంటుంది. దాన్ని నొక్కితే కింద పబ్లిష్ కనిపిస్తుంది. ఒకసారి అలవాటైతే చాలా సులువు.

ఇంకో మాట. ఈ సిస్టమ్ ఎలా వాడాలో చెప్పే గైడ్ రాసింది నేనే! కంపెనీలో నా పనే అది. అచ్చు వేయించి, అట్ట కట్టించి దీనితో పంపుతున్నాను. నీలాంటివాళ్ళ కోసమే, ఒక్కో మెట్టూ విడమరిచి, బొమ్మలతో రాశాను. తీరిగ్గా చదువు. ఈ వయసులో కొత్తది నేర్చుకుంటున్నావు, నాకెంత గర్వంగా ఉందో.

గొంతు జాగ్రత్త. మామయ్య ఉపన్యాసాలకు చెవుల్లో దూది పెట్టుకో.

నీ
గిలక


జూన్ 21

గిలకా,

పుస్తకం అందింది. మంచి బరువుంది. గాలికి కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నాను. కోప్పడకు, చదివాకే పెట్టాను.

ముందు నా కోపం సంగతి తేలనీ. నా ఉత్తరం మీ టీముకు చదివి వినిపించావా? నవ్వారా? సరే, నవ్వించాలనే రాశాను కాబట్టి అది వదిలేస్తా. "నీలాంటివాళ్ళు" ఎవరు? రెండు ఒడ్ల జనం నా గొంతు విని గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. పొగమంచులో ఒడ్డు కనబడక మా సరంగు మైకు వినబడినవైపు లాంచీ తిప్పిన రోజులున్నాయి. నేను నేర్చుకోలేనిదాన్ని కాదు. నేర్చుకున్నాను. చుక్కలు, జాబితా, స్థితి, పబ్లిష్. రోజూ చేస్తున్నాను. నా బాధ అది కాదే.

నీ పుస్తకంలో "సులువుగా" అన్న మాట పేజీకోసారి ఉంది. నిజంగా సులువైనదాన్ని ఎవరూ సులువని చెప్పరు. నీళ్ళు సులువుగా తాగండి అని గ్లాసు మీద రాసి ఉంటుందా? గుమ్మం దాటే ప్రతివాడి తలా పైకమ్మీకి కొట్టుకుంటుంటే గుమ్మం ఎత్తు పెంచుతారు గానీ వంగడం ఎలాగో పుస్తకం రాస్తారటే?

నా గది ఎలా ఉంటుందో చెబుతా. ఎదురుగా టికెట్ కిటికీ, దానికి ఆనుకుని జనం. ఎడమచేతి పక్కన రెండు ఫోన్లు. వెనకాల సరంగులు తడి బూట్లతో తిరుగుతూ ఉంటారు. ఎవడో ఒకడు భుజం తట్టి "మైకమ్మా, నాలుగింటిది ఉందా లేదా?" అంటాడు. పలక తీసి రాయాలి. ఇంతలో నీ మూడు చుక్కలు ఎక్కడున్నాయో వెతకాలి. అవతలి రేవుకు ఇదివరకు స్పీకరు తీగ ఉండేది. వెబ్‌సైట్ వచ్చిందిగా, ఇంకెందుకని పీకేశారు. ఇప్పుడు అవతలి ఒడ్డుకు నా మాట చేరే దారి ఆ చుక్కలే. అక్కణ్ణుంచి ఆసుపత్రికొచ్చే రోగులుంటారు, రాత్రి పనికొచ్చే నర్సులుంటారు, కూలికొచ్చేవాళ్ళుంటారు.

నాకు కావాల్సింది ఒక గడి, ఒక బటన్. గడిలో రాస్తా, బటన్ నొక్కుతా, అవతలి ఒడ్డుకు తెలియాలి. మీ వాళ్ళతో చెప్పు. మైకు కూడా అంతేగా, మీట నొక్కు, మాట్లాడు.

చెబుతావుగా?

మీ అత్త


జూలై 2

అత్తా,

"నీలాంటివాళ్ళు" అన్నది వెనక్కి తీసుకుంటున్నా. ఆఫీసు భాష నోటికి అంటుకుపోయింది.

నీ గడి, బటన్ సంగతి మావాళ్ళకు చెప్పాను. త్వరలోనే కొత్త వెర్షన్ వస్తోంది, తెర చాలా తేలికవుతుంది. నువ్వే చూస్తావు. అప్పటిదాకా ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. గొడుగు సారుతో అసలే వద్దు.

ఇక్కడ ఊపిరాడని పని. నాకు పై మెట్టు ఇచ్చే మాట నడుస్తోంది, ఇంకా ఎవరికీ చెప్పకు. పలక మీద రాసి కూడా!

నీ
గిలక


జూలై 15

గిలకా,

ఇది తాపీగా రాయలేను. అక్షరాలు సరిగా లేకపోతే సర్దుకుని చదువుకో.

మొన్న మధ్యాహ్నం గాలి తిరిగింది. సరంగు లోపలికొచ్చి, "ఇక లాంచీ కదలదు మైకమ్మా, చెప్పెయ్" అన్నాడు. కంప్యూటరు ముందు కూర్చున్నాను. తెర మారిపోయి ఉంది. గడులన్నీ పోయాయి, చుక్కలూ లేవు. ఒక గడి, కింద మాటేమీ రాసి లేని పెద్ద ఆకుపచ్చ బటన్. నా పిల్ల మాట నిలబెట్టుకుంది అనుకున్నా. మనసులోనే నీకు ముద్దు పెట్టి, "గాలి వల్ల ఈరోజు లాంచీలన్నీ రద్దు" అని రాసి, ఆ బటన్ నొక్కాను. ఆకుపచ్చ టిక్కు వచ్చింది. "అంతా భద్రం" అంది. నా తెర మీద ప్రకటన కనిపిస్తూనే ఉంది. అది నాకొక్కదానికే కనిపిస్తోందని నాకెలా తెలుస్తుందే?

ఆ బటన్ సేవ్ అట.

అవతలి రేవులో జనం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. లాంచీ సమయానికే అని ఉందట. వాన మొదలైంది. లాంచీ రాలేదు. విసిగిపోయి కొందరు చేపల పడవ మాట్లాడుకుని ఎక్కారు. ఇసుకమేట దగ్గర పడవ బోల్తా కొట్టింది. మా సరంగు ఇవతలి నుంచి చూసి, ఎవరి అనుమతీ అడక్కుండా, ఆ గాలిలోనే లాంచీ తీశాడు. అందర్నీ పైకి లాగారు. అందరూ బతికారు. ఒక వడ్రంగికి లాంచీకీ పడవకీ మధ్య చెయ్యి నలిగింది. కుడి చెయ్యి.

నిన్న గొడుగు సారు ఒక కాగితం తెచ్చాడు. "నా అజాగ్రత్త వల్ల ప్రకటన వెలువడలేదు" అని టైపు చేసి ఉంది. సంతకం పెట్టమన్నాడు. పెట్టనని పలక మీద రాశాను. ఆయన దాన్ని చెరిపి నా చేతికిచ్చి, "మళ్ళీ ఆలోచించి రాయండి" అన్నాడు. ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో రాశాను.

ఆ బటన్ ఎందుకలా ఉందో విచారణలో నీ కంపెనీ చెప్పాలి. నువ్వు చెప్పించు.

అత్త


జూలై 23

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందరూ బతికారు, ముందు అది గట్టిగా పట్టుకో.

ఇప్పుడు నా మాట విను. సంతకం పెట్టెయ్. మందలింపుతో పోతుంది. రెండు నెలల్లో నీ గొంతు వస్తుంది, మైకు దగ్గరికి వెళ్ళిపోతావు, అందరూ మరిచిపోతారు. పెట్టకపోతే విచారణ సాగుతుంది, లాయర్లు వస్తారు. మా కంపెనీ లాయర్లు ఎలాంటివాళ్ళో నాకు తెలుసు.

నీకు మళ్ళీ ఇలాంటిది జరక్కూడదని మీ సూపరింటెండెంటుతో ఫోన్‌లో మాట్లాడాను. నిన్ను ఆ పని నుంచి తప్పించమని అడిగాను, వెంటనే ఒప్పుకున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. ఈ విషయం మీద ఒక నోట్ రాయమని కంపెనీ నాకే చెప్పింది, గైడ్ నాది కాబట్టి. భయపడకు. నీకు ఇబ్బంది లేకుండా చూసుకుంటాను.

నీ
గిలక


జూలై 31

గౌరవనీయులైన గైడ్ రచయిత్రి గారికి,

నమస్కారాలు. తమరి ఉత్తరం అందింది.

సోమవారం కంప్యూటరు తెరిస్తే "మీకు అనుమతి లేదు" అని వచ్చింది. ఏమిటిదని గొడుగు సారుని అడిగాను. నవ్వాడు. "మీ మేనకోడలే చెప్పిందండీ, మీవల్ల కాదని" అన్నాడు, గదినిండా మనుషులుండగా. నాకు గొంతు లేదన్న సంగతి ఆ క్షణంలో తెలిసొచ్చింది. ఉండుంటే రెండు ఒడ్లకూ వినబడేది. ఇప్పుడు ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదిలో నన్ను కూర్చోబెట్టారు. గొడుగులు, చెప్పులు, ఒక పిల్లాడి ట్రంపెటు, నేను.

బుధవారం విచారణ మొదలైంది. అధికారి నెమ్మదస్తుడు, అడ్డం రాడు. ఎవరైనా చేయగలరో లేదో చూద్దామన్నాడు. గొడుగు సారుని కూర్చోబెట్టారు. తలుపు మూశారు, ఫ్యాను వేశారు. మీ కంపెనీ నుంచి వచ్చిన కొత్త గైడ్ పేజీ ఆయన పక్కనే పెట్టారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, వరసగా చదువుకుంటూ, ప్రకటన పెట్టేశాడు. అందరి ఫోన్లలోనూ వచ్చింది. ఓడిపోయాను. అది నీ దగ్గర దాచను.

"చూశారుగా. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం" అన్నాడు. పలక మీద "మద్దెల నిజంగా ఓటిదైతే?" అని రాశాను. అధికారి చదివాడు, పెదవి ఒక పక్కకు కదిలింది, అంతే. వాయిదా వేశాడు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. వడ్రంగి భార్య నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకుంది. ఆయన తిప్పుకోలేదు. "ఫోన్‌లో ఉందని రాసుంది. మీ మైకు ఎటూ లేదు. మేమేమనుకోవాలండీ?" అన్నాడు. ఆయన చెయ్యి చూస్తూ కూర్చుని వచ్చేశాను.

సంతకం పెడితే పోతుందన్నావు. ఏం పోతుంది? నేను పోతాను. ఆ బటన్ అక్కడే ఉంటుంది. రేపు ఆ కుర్చీలో కూర్చునే అమ్మాయి కూడా "అంతా భద్రం" అన్న మాట నమ్మి లేచిపోతుంది. నాకు లాయర్లంటే భయం లేదు. నా మీద జాలిపడి నా నోరు ఇంకోసారి మూయించినవాళ్ళంటే భయం.

నోట్ బాగా రాయండి. సులువుగా అన్న మాట మరిచిపోకండి.

ఇట్లు
మైకమ్మ


ఆగస్టు 9

అత్తా,

"ఇట్లు మైకమ్మ" చదివాక రెండు రోజులు ఏం తిన్నానో తెలియదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు తెలుసుకోవాల్సింది ఒకటుంది. నీ గడి, బటన్ సంగతి మావాళ్ళకు చెప్పానని రాశాను. చెప్పలేదు. చెప్పబోయి, మా టీము పెద్ద మొహం చూసి ఊరుకున్నాను. పై మెట్టు మాట నడుస్తోందిగా. ఆ ఆకుపచ్చ బటన్ నీ కోసం రాలేదు. తెర శుభ్రంగా కనిపించాలని పబ్లిష్‌ను లోపలి పేజీలోకి తోశారు. పైన మిగిలింది సేవ్ ఒక్కటే, నువ్వు ముద్దు పెట్టి నొక్కింది దాన్నే.

నీ పని తీసేయించింది మాత్రం నిన్ను కాపాడాలనే, అత్తా. "తనవల్ల కాదు" అని నేననలేదు. "ఆవిడ మీద భారం వద్దు" అన్నాను. ఆయన దాన్ని అలా మార్చాడు. మారడానికి వీలుగా నేనే ఇచ్చాను.

ఇక నోట్. గైడ్‌లో అంతా స్పష్టంగా ఉందని రాసి సంతకం పెట్టమన్నారు. గొడుగు సారు పక్కన పెట్టుకున్న ఆ పేజీ ఉందే, అది నేను రాసిందే, కానీ పడవ బోల్తా పడ్డాక రాసింది. ఆ రోజున తెర మారింది గానీ గైడ్ మారలేదు. అయినా అది కాదు నన్ను ఆపింది. నీ మాటే. గుమ్మం దగ్గర వంగడం నేర్పే పుస్తకం.

మా భవనంలో క్యాంటీన్ నడిపే ఆవిణ్ణి, సెక్యూరిటీ పెద్దాయన్ని, అకౌంట్స్‌లో ఒకతన్ని బతిమాలి కూర్చోబెట్టాను. "ఈరోజు క్యాంటీన్ లేదు" అని పెట్టమన్నాను. వెనకాల నిలబడి నోరు మూసుకున్నాను. నీకు తెలుసుగా నాకదెంత కష్టమో. అకౌంట్స్ అతను వెతికి వెతికి పట్టుకున్నాడు. పెద్దాయన సేవ్ నొక్కి, టిక్కు చూసి, దండం పెట్టి లేచాడు. క్యాంటీన్ ఆవిడా అంతే. ప్రకటన బయటికి రాలేదని చెబితే, "నాకు చదువు తక్కువమ్మా, నాదే పొరపాటు" అంది. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా నేను రాసిన పుస్తకాలన్నీ జనం చేత ఆ మాట అనిపించడానికేనా?

అందుకని వాళ్ళడిగిన నోట్ రాయలేదు. జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాశాను. మా పెద్ద చదివి, "ఇది పంపితే నీ సంగతి నువ్వు చూసుకో" అన్నాడు. "చూసుకుంటానండి" అని విచారణ అధికారికి నేనే నేరుగా పంపాను, సంతకంతో. మర్నాడు నన్ను ఆఫీసుకు రావద్దన్నారు. ఎన్నాళ్ళో చెప్పలేదు.

నీ కోడలు పిల్ల
గిలక


ఆగస్టు 20

ఒసేయ్ గిలకా,

నీ అబద్ధానికి నీ మీద కోపం ఉంది. అది నువ్వు ఎదురుగా కూర్చున్నప్పుడు తీర్చుకుంటాను, గొంతు వచ్చాక, తీరిగ్గా. ఇప్పుడు రెండో వాయిదా సంగతి విను.

అధికారి నీ పేజీని గట్టిగా చదివాడు. క్యాంటీన్ ఆవిడ మాట దగ్గర ఆగి, ఇంకోసారి చదివాడు. గొడుగు సారు లేచి, "ఇది ఆవిడ మేనకోడలి రాత, బంధుప్రీతి" అన్నాడు. నిజమేగా, ఏమంటాం. నేను పలక తీసి, "నాకు రాలేదు. ఇంకెవరికి రాలేదు?" అని రాసి, గది మొత్తానికీ చూపిస్తూ నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డానే. చెయ్యి నొప్పెట్టింది. దించలేదు.

మిగతా రేవుల నుంచి వచ్చినవాళ్ళలో ఎగువ రేవు గుమాస్తా లేచాడు. పొడుగ్గా, ఇస్త్రీ బట్టలతో, మాలో అందరికన్నా చదువుకున్నవాడు. "నాకూ రాదండి. పెట్టాల్సి వస్తే మా చెల్లెలికి ఫోన్ చేసి పెట్టిస్తాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది" అన్నాడు. దిగువ రేవు ఆవిడ కూర్చునే, "నేను పెట్టడం మానేశా. గేటుకి కాగితం అంటిస్తున్నా" అంది. ఆ తర్వాత ఇంకొకరు. అందరూ ఎవరికి వాళ్ళు తమకొక్కరికే రాదనుకుని నోరు కుట్టుకుని కూర్చున్నారే. డాక్టరు వద్దన్నది నన్నొక్కదాన్నే, మూగపోయింది మాత్రం అందరూ.

వడ్రంగి కూడా వచ్చాడు, చేతిని మెడపట్టీలో వేసుకుని. "ఈవిడ మీద నాకు కోపం పోలేదు సార్. కానీ నన్ను చూడ్డానికి వచ్చింది ఈవిడొక్కతే. ఆ బటన్ పెట్టినవాళ్ళు ఒక్కరూ రాలేదు" అన్నాడు. కట్టు విప్పాక వేళ్ళు కదులుతున్నాయట. ఉలి పట్టడానికి ఇంకా టైం పడుతుందట.

ఫలితం ఇదీ. సిస్టమ్‌లో లోపం ఉందని, మీ కంపెనీ మార్చేదాకా అవతలి రేవుకు స్పీకరు తీగ తిరిగి వేయాలని అధికారి రాశాడు. నాకూ ఒక హెచ్చరిక పెట్టాడు. పెట్టాక ఫోన్‌లో సరిచూసుకోవాల్సింది అన్నాడు. ఆ మాట న్యాయమే, ఇక నుంచి చూసుకుంటా. కానీ ఆ హెచ్చరిక కాగితంలో "అజాగ్రత్త" అన్న ముక్క అలాగే ఉంచారు. పెట్టలేదు సంతకం. "సంతకానికి నిరాకరించారు" అని రాసి నా సర్వీసు ఫైల్లో పెట్టుకున్నారు. పెట్టుకోనీ. ఆ ఫైల్లో నా గురించి ఉన్న ఒక్క నిజం అదే.

ఇక నీ సంగతి. పెట్టె సర్దుకుని నా దగ్గరికి వచ్చేద్దామని చూస్తున్నావని మీ నాన్న చెప్పాడు. రావద్దు. గది శుభ్రంగా ఉంది, మంచం ఖాళీగానే ఉంది, అయినా ఇప్పుడు రావద్దు. వస్తే వాళ్ళు "వెళ్ళిపోయింది" అని రాసుకుంటారు. వెళ్ళగొట్టమను. వెళ్ళగొట్టి, ఎందుకో కాగితం మీద రాయమను.

నీ మీద కోపంగా ఉన్న
మీ అత్త


సెప్టెంబర్ 6

అత్తా,

పెట్టె విప్పేశాను.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దాయన జాబితా చూసి, నా పేరు కనబడనట్టు మొహం పెట్టి, తలుపు తీశాడు. మా పెద్ద గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు రావద్దన్నారో రాసివ్వమన్నాను. ఆయన మాట్లాడాడు, మాట్లాడాడు, ఏదీ రాయలేదు. మీ సంస్థ నుంచి విచారణ ఫలితం అప్పటికే చేరినట్టుంది. ఇంకో ఇద్దరు కస్టమర్లు కూడా వాళ్ళ ప్రకటనలు ఎక్కడికి పోతున్నాయని అడుగుతున్నారట. మధ్యాహ్నానికి స్వరం మారింది. మీ రేవులకు కొత్త పేజీ చేయాలి, నువ్వు గైడ్ రాయాలి అన్నాడు.

"గైడ్ రాయనండి" అన్నాను. "గైడ్ అక్కర్లేని పేజీ అయితే పక్కన కూర్చుని చేయిస్తాను. బయటి మనుషులు కూర్చుని వాడి చూడందే అది బయటికి పోకూడదు. వాళ్ళు తడబడితే మనది తప్పు, వాళ్ళది కాదు. ఇది ఒప్పుకుంటే ఉంటాను."

చచ్చేంత భయమేసింది. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను. ఈ ఒక్క పనికి ఒప్పుకున్నారు. మిగతావాటి సంగతి తర్వాతట. పై మెట్టు ఇంకొకరికి వెళ్ళిపోయింది, అది వేరే కథ. అతను నా కుర్చీ ఎదురుగానే కూర్చుంటాడు. పాపం నా కళ్ళలోకి చూడడు.

మొదట వాడి చూసింది క్యాంటీన్ ఆవిడే. రెండు సార్లు చిరాకుపడింది. రెండు సార్లూ మేం మార్చాం. మూడోసారి, "ఇంతేనా?" అంది. అత్తా, నా పుస్తకాలన్నిట్లో ఆ మాట ఒక్కసారి కూడా ఎవరి చేతా అనిపించలేదు.

వచ్చే వారం మీకు వస్తుంది. నచ్చకపోతే మొహమాటపడకు. నువ్వెప్పుడు పడ్డావులే.

నీ
గిలక


సెప్టెంబర్ 24

గిలకా,

వచ్చింది. సామాన్ల గది నుంచి నన్ను పిలిచి కూర్చోబెట్టారు. ట్రంపెటు పిల్లాడు ఇంకా రాలేదు, దాన్ని వదిలి రావడమే కొంచెం బాధ.

ఒక గడి ఉంది. కింద "అందరికీ చెప్పు" అని బటన్. నొక్కితే, "ఇది ఇప్పుడు జనం ఫోన్లలో ఇలా కనిపిస్తోంది" అని ఫోను బొమ్మలో చూపిస్తోంది. దాచుకోవడం ఒక మూల చిన్నగా ఉంది, "ఇంకా ఎవరికీ చెప్పలేదు" అని ఎర్రగా రాసి. ఒక్క దెబ్బలాట మాత్రం ఉంది. అక్షరాలు చిన్నవి. గొడుగు సారు గొడుగు పక్కన పెట్టి, వంగి చదవాల్సి వచ్చింది. పెంచండి.

అజాగ్రత్త అన్న ముక్క మీద పైకి అప్పీలు పెట్టాను. మీ మామయ్య, "ఇంక చాల్లేవే, అంతా బాగయిందిగా" అన్నాడు. బాగవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని పలక మీద రాశాను. ఎగువ రేవు గుమాస్తా అప్పీలు మీద తన సంతకం కూడా చేస్తానన్నాడు. దిగువ రేవు ఆవిడ కూడా. గొడుగు సారుకు ఈ సంగతి తెలిసింది. ఆ రోజు గదిలో అందరికీ టీ వచ్చింది, నాకు మాత్రం రాలేదు.

నిన్న మళ్ళీ గాలి తిరిగింది. అదే వేళ, అదే గాలి. సరంగు వచ్చి నా వెనకాల నిలబడ్డాడు. "గాలి వల్ల ఈరోజు లాంచీలన్నీ రద్దు" అని రాశాను. చెయ్యి ఆగింది, గిలకా. నీతో చెప్పడానికేం, భయమేసింది. నొక్కాను. ఫోను తీసి చూసుకున్నాను. సరంగు తన ఫోను తీసి చూపించాడు. అయినా నమ్మకం కుదరక, అతని దుర్భిణి లాక్కుని రేవు చివరిదాకా వెళ్ళాను. వాన కొడుతోంది, చీర తడిసి ఒంటికి అంటుకుంది.

అవతలి రేవు చూశాను. బల్లలు, టికెట్ గది, మెట్లు. ఒక్క మనిషి లేడు. ఒక్క గొడుగు లేదు. అందరూ ఇళ్ళల్లో ఉన్నారే. అంత మంచి ఖాళీని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కళ్ళు నొప్పెట్టేదాకా చూస్తూ నిలబడ్డాను.

మీ అత్త